యుద్ధం బళ్లారికి దూరమా?

మొన్న మా ఊళ్లో జరిగిన కవి సమ్మేళనంలో నేను చేసిన నేరం గురించి మీలో కొందరు ఇప్పటికే వినే ఉంటారు. అంశం శాంతి. పదకొండు మంది కవులు చదివారు. తొమ్మిది కవితల్లో పావురం ఎగిరింది, ఏడింట్లో హిరోషిమా మండింది. ఆలివ్ కొమ్మ మూడుచోట్ల కనిపించింది. బళ్లారి ఎండలో ఆలివ్ చెట్టును చూసినవాడు ఆ సభలో ఒక్కడూ లేడు, నాతో సహా. చివర్లో సభికులు ఎవరైనా మాట్లాడవచ్చు అన్నారు గనక నేను లేచి, "అయ్యా, ఈ పావురాలకు గింజలు ఎవరు వేస్తున్నారు? ఆ ఖర్చు ఏ పద్దులో రాశారు?" అని అడిగాను. అంతే. ఒక పెద్దాయన, నేను గౌరవించే మనిషే, మైకు అందుకుని, "బ్యాంకువాళ్లు వడ్డీ లెక్కలు చూసుకుంటే చాలు. యుద్ధమూ శాంతీ కవులకు వదిలేయండి" అన్నారు. చప్పట్లు బాగానే పడ్డాయి. ఇంకో మిత్రుడు మరో అడుగు ముందుకు వేసి, "అసలు మనకు ఈ ప్రపంచ యుద్ధాల గోల ఎందుకు సార్? బళ్లారికి యుద్ధం ఎప్పుడు వచ్చింది గనక? మన భాష, మన బడి, మన పత్రిక చూసుకుందాం" అన్నారు.

పెద్దాయన మాటకు నా దగ్గర జవాబు లేదు. నేను బీకాం చదివినవాడినే, వడ్డీ లెక్కలే నా బతుకు. కానీ మిత్రుడి మాటకు జవాబు చెప్పకుండా ఉండలేను. ఆ మాట అమాయకంగా కనిపిస్తుంది గానీ అది అబద్ధం. పైగా మనలాంటి భాషా అల్పసంఖ్యాకులు నమ్మకూడని అబద్ధం.

యుద్ధం బళ్లారికి రాలేదా? మొదటి ప్రపంచ యుద్ధంలో తుర్కీ సైన్యం నుంచి పట్టుబడ్డవారిని తెచ్చి ఉంచిన ఊళ్లలో మన బళ్లారి ఒకటి. ఇది దండు ఉన్న ఊరు గదా, కంటోన్మెంటులో జాగా ఉంది, చుట్టూ పారిపోవడానికి వీల్లేని ఎండ ఉంది. 1917లో జెనీవా నుంచి అంతర్జాతీయ రెడ్‌క్రాస్ ప్రతినిధులు హిందూదేశంలోనూ బర్మాలోనూ ఉన్న యుద్ధఖైదీల శిబిరాలు చూడటానికి వచ్చినప్పుడు బళ్లారికీ వచ్చారు, చూసింది నివేదికలో రాశారు. అంతకు ముందు ఏడాదే, 1916 ఏప్రిల్ 29న, మెసొపొటేమియాలో కుత్ అనే ఊరి దగ్గర సుమారు 13,000 మంది బ్రిటిషు సైన్యం తుర్కీవాళ్లకు లొంగిపోయింది. వారిలో ఎక్కువమంది మన దేశపు సిపాయిలు. ఎడారిలో నడిపించగా దారిలోనే ఎంతోమంది రాలిపోయారు. అంటే మనవాళ్లు వాళ్ల ఎడారిలో ఖైదీలు, వాళ్లు మన బండరాళ్ల మధ్య ఖైదీలు. ఇటు మనవాడికీ అటు వాడికీ ఆ యుద్ధం ఎందుకు మొదలైందో తెలియదు. ఇంత పెద్ద కథ మన కాలి కింద ఉండగా మన కవి హిరోషిమా దాకా పోతాడు. పోవద్దనను. కౌల్ బజారు మీదుగా పొమ్మంటాను.

ఇంకొకటి చెబుతాను, ఇది నా ఉద్యోగం చెప్పిన పాఠం. బళ్లారి జీన్సు ప్యాంట్లు ఈ రోజు దేశమంతా తొడుగుతున్నారు. నేను రుణం ఇచ్చిన యూనిట్లు చాలా ఉన్నాయి. స్టాకు తనిఖీకి పోయి, ఓవర్‌లాక్ మిషన్ల చప్పుడులో నిలబడి ప్యాంట్లు లెక్కపెట్టినవాణ్ణి. ఒక ముసలి దర్జీని, ఇంట్లో మరాఠీ, వీధిలో తెలుగు, కచేరీలో కన్నడం మాట్లాడే మనిషిని, "మీ తాతలు ఈ ఊరికి ఎట్లా వచ్చారు?" అని అడిగాను. "దండుకు యూనిఫారాలు కుట్టను వచ్చినారు సార్, జర్మనీ యుద్ధంలో" అన్నాడు. ఊరంతా చెప్పుకునే కథే అది. మొదటి యుద్ధకాలంలో మరాఠీ దర్జీలు సైనికుల బట్టలు కుట్టడానికి వచ్చారు. తెల్లవాళ్లు పోయాక ఆ చేతులే బడిపిల్లల యూనిఫారాలు కుట్టాయి, ఆ తరువాత జీన్సు కుట్టాయి. ఇది విని మా ఆఫీసులో ఒకాయన "చూశారా, యుద్ధం వల్ల మంచి కూడా జరుగుతుంది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఖాకీ కుట్టిన చేతులు ఆ ఖాకీ లేకపోయినా ఏదో ఒకటి కుట్టేవి. ఆ బట్ట తొడుక్కుని పోయి తిరిగిరాని వాడి పేరు జమ వైపు ఎక్కడ రాస్తారు? ఒక వైపే చూసి లాభం తేల్చే లెక్కను మా శాఖలో మోసం అంటారు.

లెక్క అన్నాను గనక లెక్కే చెబుతాను, కవులు క్షమించాలి. 1917లో హిందూదేశం బ్రిటన్ యుద్ధ ఖర్చుకు 10 కోట్ల పౌండ్లు "బహుమానం" ఇచ్చింది. ఇచ్చినవాడిని ఎవరూ అడగలేదు, అప్పటి రైతును అడగలేదు, మా జిల్లా కరువు జనాన్ని అసలే అడగలేదు. యుద్ధం అయ్యాక గెలిచినవాళ్లు కూర్చుని ఓడిన జర్మనీ మీద 1921లో 13,200 కోట్ల బంగారు మార్కుల పరిహారం వేశారు. ఇది వసూలు కాదు, వసూలు చేయబోతే మళ్లీ ఇల్లు తగలబడుతుంది అని కీన్స్ అనే ఆర్థికవేత్త 1919లోనే పుస్తకం రాశాడు. ఆయన్ను మెచ్చుకున్నారు, మాట మాత్రం వినలేదు. చెల్లించలేని అప్పు ఇచ్చి, అప్పుదారు ఇంటి తలుపులు పీకి, ఆ తరువాత అతను పిచ్చివాడయ్యాడని ఆశ్చర్యపోయే షావుకార్లను నేను మా తాలూకాలోనే చూశాను. రెండో యుద్ధం తరువాత బుద్ధి వచ్చింది. 1953 ఫిబ్రవరి 27న లండన్‌లో కుదిరిన ఒప్పందంలో జర్మనీ బాకీని దాదాపు సగానికి తగ్గించారు, మిగిలినదానికి నెమ్మదైన గడువులు పెట్టారు. మొదటి యుద్ధపు బాండ్ల మీద ఆఖరి వాయిదా ఎప్పుడు కట్టారో తెలుసా? 2010 అక్టోబర్ 3న. తుపాకులు ఆగిన 92 ఏళ్లకు ఖాతా మూతపడింది. యూరపులో శాంతి నిలిచిందంటే దానిలో పావురం వాటా ఎంతో నాకు తెలియదు గానీ, అప్పు తగ్గించిన ఆ గుమాస్తాల వాటా మాత్రం ఉంది.

ఇప్పటి లెక్క కూడా చూడండి. 2024లో ప్రపంచ దేశాలన్నీ కలిసి సైన్యాల మీద పెట్టిన ఖర్చు 2,71,800 కోట్ల డాలర్లని స్టాక్‌హోమ్ శాంతి పరిశోధన సంస్థ లెక్క తేల్చింది. ఐక్యరాజ్య సమితి శాంతి దళాలకు 2024–25లో కేటాయించింది 560 కోట్ల డాలర్లు. శాంతి కాపలాకు ఒక్క రూపాయి, సైన్యాలకు 485 రూపాయలు. ఇలాంటి బ్యాలెన్సు షీటుతో ఎవరైనా రుణానికి వస్తే నేను కాఫీ ఇచ్చి పంపించేస్తాను.

ఇంతకీ మిత్రుడి అసలు మాటకు వస్తాను. మన భాష, మన బడి చూసుకుందాం అన్నారు. సరే, చూసుకుందాం. మనం ఎవరం? ఒక రాష్ట్రంలో ఉండి పక్క రాష్ట్రపు భాష మాట్లాడేవాళ్లం. గీత గీసినప్పుడు గీతకు అవతల పడ్డవాళ్లం. గత శతాబ్దంలో యూరపు తగలబడింది సరిగ్గా ఇలాంటి వాళ్ల పేరు మీదే గదా! 1919 జూన్ 28న వెర్సాయ్‌లో జర్మనీ చేత సంతకం పెట్టించిన రోజునే పోలండ్ చేత ఇంకో ఒప్పందం మీద కూడా సంతకం పెట్టించారు. మీ దేశంలో మిగిలిపోయిన ఇతర భాషల వాళ్లకు వాళ్ల భాషలో చదువు చెప్పాలి, వాళ్లను తక్కువ చూడకూడదు, చూస్తే వాళ్ల తరఫున నానాజాతి సమితి అడుగుతుంది అని. ఎంత చక్కని మాట! కానీ అడిగేవాడికి చెయ్యి లేదు, అడిగించుకున్నవాడికి మనసు లేదు. అర్జీలు జెనీవాలో పేరుకుపోయాయి. 1934లో పోలండ్ ఆ షరతు మాకు వద్దు పొమ్మంది. పక్కన చెకొస్లొవేకియాలో 30 లక్షల జర్మను భాషవాళ్లు ఉండేవారు. వాళ్లకు కొన్ని నిజమైన ఫిర్యాదులున్నాయి, బడుల గురించి, ఉద్యోగాల గురించి. అవి తీర్చేవాడు దొరకలేదు, వాడుకునేవాడు దొరికాడు. 1938 సెప్టెంబరులో మ్యూనిక్‌లో నలుగురు పెద్దమనుషులు ఆ భాష పేరు చెప్పి ఒక దేశాన్ని కోశారు, ఆ దేశాన్ని గదిలోకి కూడా రానివ్వకుండా. ఏడాది తిరగక ముందే ప్రపంచ యుద్ధం. యుద్ధం అయ్యాక ఆ 30 లక్షల మందిలో దాదాపు అందరినీ మూటాముల్లెతో తరిమేశారు. హిట్లరుకు జేజేలు కొట్టినవాణ్ణీ, కొట్టనివాణ్ణీ కలిపే.

ఇది పరాయి కథ అంటారేమో, మన తెలుగువాళ్ల కథ చెబుతాను. రంగూను రేవులో మూటలు మోసింది ఎక్కువగా మన కోస్తా జిల్లాల కూలీలు, అక్కడివాళ్లు కొరంగీలు అని పిలిచినవాళ్లు. 1930 మే నెలలో కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల కంపెనీలవాళ్లు బర్మా కూలీలను దింపారు. సమ్మె తెగాక బర్మావాళ్లను పొమ్మన్నారు. పనిచ్చినవాడూ పని తీసేసినవాడూ ఒక్కడే, కొట్టుకు చచ్చింది మాత్రం రెండు భాషల కూలీలు. వందకు పైగా ప్రాణాలు పోయాయి, పోయినవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. ఆ మంట ఆరలేదు. 1941 డిసెంబరులో జపాను బాంబులు రంగూను మీద పడ్డప్పుడు లక్షలమంది కాలినడకన అడవులూ కొండలూ దాటి ఈ దేశానికి బయలుదేరారు, వేలమంది దారిలో చచ్చారు. బాంబులు ఒక్కటే కారణమైతే అంతమంది అట్లా పారిపోరు. రేపు ఇక్కడివాళ్లు మనల్ని ఉండనిస్తారా అన్న భయం అంతకు ముందే గుండెల్లో ఉంది. 1942 ఏప్రిల్ 6న అదే యుద్ధం విశాఖపట్నం మీద బాంబులు వేసింది. మిగిలినవాళ్లలో చాలామంది 1964 తరువాత బర్మా సైనిక ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేశాక వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు ఎట్లా వచ్చిందో అక్కడి పెద్దవాళ్లను అడగండి. కనుక మిత్రమా, మన భాష మాత్రమే చూసుకుందాం అంటే కుదరదు. అల్పసంఖ్యాకుడి బడిలో పలక పగిలితే ఆ చప్పుడు ఎక్కడిదాకా పోతుందో చెప్పలేం.

ఇప్పుడు మన గీత సంగతి. 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములు 58 రోజులు ఉపవాసముండి కన్నుమూశాక ఆంధ్ర జిల్లాలు అట్టుడికాయి, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. రాష్ట్రం ఇస్తామన్నారు. మరి బళ్లారి జిల్లా ఎవరిది? రెండు భాషలూ ఒకే ఇంట్లో మాట్లాడుకునే జిల్లాను ఎట్లా కోస్తారు? కోశారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు. మిగిలినవి మైసూరుకు. బళ్లారి తాలూకా సంగతి తేలక జస్టిస్ మిశ్రాను పంపారు. ఆయన విన్నాడు, చూశాడు, నివేదిక ఇచ్చాడు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టిననాడే బళ్లారి మైసూరులో చేరింది. లండన్‌లో జర్మనీ బాకీ తగ్గించిన ఏడాదే అది, కాకతాళీయమే అనుకోండి. మా నాయన ఆ తీర్పును బతికినంతకాలం ఒప్పుకోలేదు. "రాఘవ ఊరు పరాయిదా?" అనేవాడు, తాడిపత్రి రాఘవాచార్యుల నాటకం చిన్నప్పుడు చూసిన మనిషి. నేను ఒప్పుకున్నాను. తీర్పు నూటికి నూరు పాళ్లు న్యాయమని కాదు. ఒక్క సైనికుడూ కదలకుండా, ఒక్క ఊరూ ఖాళీ కాకుండా, ఒక న్యాయమూర్తి కాగితంతో సరిహద్దు తేలింది. డాన్జిగ్ అనే ఒక్క ఊరి కోసం, సుడెటన్ అనే ఒక్క అంచు కోసం యూరపు చెల్లించినదానితో పోల్చి చూడండి. ఇంత చవగ్గా దొరికిన శాంతిని మనం వెక్కిరించడం తగదు.

ఈ మాట అన్నందుకు మనవాళ్లలో కొందరికి నా మీద కోపం. ఇప్పటికీ పెళ్లిళ్లలో, మందు బల్లల దగ్గర "బళ్లారి మనదే కావలసింది" అని కన్నీళ్లు పెట్టేవాళ్లున్నారు. వాళ్లకు నా మనవి ఒక్కటే. ఆ కన్నీళ్లు పిల్లల ముందు పెట్టకండి. తీరని ఫిర్యాదు పిల్లలకు ఆస్తిగా రాసిచ్చిన ఊళ్లేవీ బాగుపడలేదు. అట్లాగే బోర్డు మీద రెండో భాష కనిపిస్తే తారు పూసే పక్కవాళ్లకూ చెబుతున్నాను. మీరు పూసేది అక్షరాల మీద కాదు, 1953 కాగితం మీద. ఆ కాగితం చెల్లుబాటు కావడానికి ఒక షరతు ఉంది. 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలో 350ఏ అధికరణం చేర్చారు, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో చెప్పే ఏర్పాట్లు ఉండాలని. 350బీ కింద ఒక ప్రత్యేకాధికారి, 1957 నుంచి. ఆయన రాష్ట్రపతికి నివేదికలు ఇస్తాడు. నేను ముప్పై ఏళ్లుగా నివేదికలు రాసే ఉద్యోగంలో ఉన్నాను, అవి ఎక్కడ నిద్రపోతాయో నాకు తెలుసు. జెనీవా బీరువాల్లో పేరుకున్న అర్జీలు గుర్తుకొస్తే నాకు నిద్ర పట్టదు. కానీ తేడా ఒకటుంది. ఇక్కడ అడిగే హక్కు మన చేతిలోనే ఉంది, మన ఫిర్యాదు పట్టుకుని సైన్యం నడిపే పొరుగు దొర లేడు. మనం అడగడం లేదు, అంతే. మన సంఘాల్లో ఎన్ని తెలుగు బడిలో మాస్టరు లేడని అర్జీ పెట్టాయి, ఎన్ని ఉగాదికి శాలువాలు కప్పాయి? చేతులెత్తి చెప్పండి.

ఒక విచిత్రం కూడా చెప్పి తీరాలి. భాష కోసం అరిచిన మన రెండు పక్షాలవాళ్లు డెబ్బై ఏళ్లలో ఒక్క సరిహద్దు రాయిని కదపలేదు. ఇనుప ఖనిజం ధర ఎక్కినప్పుడు ఓబుళాపురం వైపు సరిహద్దు గుర్తులే చెరిగిపోయాయని కేసులు నడిచాయి, సర్వే వాళ్లు మళ్లీ గీత వెతకవలసి వచ్చింది. 2011 జూలైలో సుప్రీంకోర్టు బళ్లారి గనుల తవ్వకమే ఆపమంది. భాష మీద నింద వేసే ముందు యుద్ధాల్లో ఖనిజం ఎక్కడుందో చూసుకోవాలి.

శాంతి అంటే ఎట్లా ఉంటుందని నన్నడిగితే హోసపేటకు పొమ్మంటాను. తుంగభద్ర ఆనకట్టకు 1953లోనే ఒక బోర్డు పెట్టారు. నీళ్లు ఎవరికెన్ని అని ఏటా కూర్చుని, పోట్లాడుకుని, కాఫీ తాగి, సంతకాలు పెట్టి లేచిపోతారు. ఇంతకంటే చప్పగా ఉండే పని లోకంలో లేదు, దాని మీద కవిత రాదు. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. మూడు రాష్ట్రాల రైతుల నీళ్లు నదిలో పోతున్నాయి. ఆంధ్ర నుంచి గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు వచ్చారు, స్టాప్‌లాగు పలకలు ఈ చుట్టుపక్కల కార్ఖానాల్లోనే తయారయ్యాయి, పారే నీళ్లలోనే వాటిని దింపి వారం రోజుల్లో నీళ్లు ఆపారు. ఆ వారం ఆనకట్ట మీద ఎవరు ఏ భాషలో కేకలు వేశారని ఎవరైనా లెక్క పెట్టారా?

దీని పక్కనే 2025 పెట్టి చూడండి. 1960 నాటి సింధు జలాల ఒప్పందం 1965, 1971, 1999 యుద్ధాలను తట్టుకుంది. పహల్గాంలో అమాయకులను కాల్చి చంపిన మరునాడు, ఏప్రిల్ 23న, దాన్ని పక్కన పెట్టారు. ఆ హంతకులను పట్టవద్దని నేను అనను, అనేవాణ్ణి నమ్మను. మే నెలలో ఆ నాలుగు రోజులూ మన ఊళ్లో టీవీల ముందు జరిగింది మాత్రం నాకు మింగుడుపడలేదు. క్రికెట్ స్కోరు అడిగినట్టు "ఎన్ని పడ్డాయి, ఎన్ని పడ్డాయి" అని అడిగారు. నా కౌంటరు ముందు ఒక పెద్దమనిషి, కొడుకు అమెరికాలో, "తేల్చేయాలి సార్ ఈసారి" అన్నాడు. తేల్చేది ఎవరు? మే 9న నియంత్రణ రేఖ దగ్గర చనిపోయినవారిలో ఒక పిల్లవాడు మన రాయలసీమవాడు, గోరంట్ల మండలంలో ఒక తండా నుంచి అగ్నివీరుడిగా పోయినవాడు. మరునాడు కాల్పుల విరమణ. ఆ తండా ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, వీధిలో తెలుగు. భాషా అల్పసంఖ్యాకుల పత్రికలో అతని గురించి మనం ఒక్క వాక్యం రాయలేదు. పావురాలకు మాత్రం ప్రత్యేక సంచిక వేశాం.

వచ్చే నెల రెండో ఆదివారం మళ్లీ సభ ఉందట, అంశం ఇంకా తేల్చలేదట. నేనొకటి ప్రతిపాదిస్తున్నాను. ఆ రోజు కవితలకు ముందు ఒక గంట ఇవ్వండి. జిల్లాలో తెలుగు చెప్పే ప్రాథమిక బడులు ఎన్ని మిగిలాయి, మాస్టర్లు ఎందరు, ఖాళీలు ఎన్ని అని బడి బడికీ తిరిగి రాసుకొద్దాం, 350ఏ కింద అర్జీ తయారుచేద్దాం. దాన్ని కన్నడంలో రాసిపెట్టడానికి నా పక్క సీటు సహోద్యోగి, ధార్వాడ వైపు మనిషి, ఒప్పుకున్నాడు. నన్ను మందలించిన పెద్దాయన మొదటి సంతకం పెట్టాలని నా కోరిక. స్టాంపుల ఖర్చు నేను భరిస్తాను. రసీదు మాత్రం అడుగుతాను.